హైస్కూలు టీచరుకి పాఠం చెప్పడం కాకుండా ఇంకేం పని ఉంటుంది? మీ రోజు ఎలా గడుస్తుంది?

మీరు బీఈడీ రెండో సంవత్సరం చదువుతున్నానని రాశారు. "పాఠం చెప్పడం, పేపర్లు దిద్దడం, ఆపైన బోలెడు సెలవులు. ఇంతే కదా? బయటివాళ్ళకి తెలియనిది ఏమైనా ఉందా?" అని అడిగారు. ఉంది. ముందు మామూలు సంగతులు చెప్పేసి దాని దగ్గరికి వస్తాను.

నేను లెక్కల స్కూల్ అసిస్టెంట్‌ని, 2012 డీఎస్సీ. సొంతూరు పల్నాడులో ఒక పల్లె. నాన్‌లోకల్ కింద కర్నూలు జిల్లాలో పోస్టు వచ్చింది. అప్పటి నుంచీ ఆదోని డివిజన్‌లోనే ఉన్నాను. ఇప్పుడు పనిచేసేది కోసిగి వైపు ఒక జడ్పీ హైస్కూలు. చేరిన కొత్తలో ఒకటి రెండేళ్ళు చేసి గుంటూరు వైపు బదిలీ పెట్టుకుందామనుకున్నాను. ఏదో ఒక కారణంతో అలా జరిగిపోయింది.

రోజు మొదలయ్యేది పాఠంతో కాదు, ఫోనుతో. బడికి వెళ్ళగానే యాప్‌లో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. మా బడిలో సిగ్నల్ దొరికేది రెండే చోట్ల. ఒకటి వేపచెట్టు కింద, రెండోది వంటగది వెనక. అందుకని తొమ్మిదికి పది నిమిషాల ముందు స్టాఫంతా ఆ వేపచెట్టు కింద ఫోన్లు పైకెత్తి నిలబడి ఉంటాం. మొదటిసారి చూసినవాళ్ళు పిట్టల్ని ఫొటో తీస్తున్నామనుకుంటారు. తర్వాత ప్రార్థన, ప్రతిజ్ఞ, పేపరు చదవడం. రోజుకి 8 పీరియడ్లలో నాకు 6. ఖాళీగా ఉన్న రెండిట్లో ఒకటి సెలవు పెట్టినవారి క్లాసుకి పోతుంది, ఇంకోటి వాట్సాప్‌లో వచ్చే "సాయంత్రం 4 లోపు వివరాలు పంపగలరు" అనే మెసేజికి పోతుంది. మధ్యాహ్నం అన్నం వండాక ముందు మేం రుచి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. గుడ్ల లెక్క, చిక్కీల లెక్క, బియ్యం లెక్క. లెక్కల సారుని కాబట్టి అవన్నీ నాకే వస్తాయి. సోషల్ సారుకి ఎన్నికల పని, నాకు గుడ్ల పని.

సెలవుల సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. కాదనను, ఇంకే ఉద్యోగంలోనూ ఇన్ని ఉండవు. కానీ పదో తరగతి టీచరుకి ఆదివారాల్లో సగం స్టడీ క్లాసులకి పోతాయి. పరీక్షలవగానే స్పాట్ వాల్యుయేషన్ ఉంటుంది.

స్పాట్‌లో రోజుకి 40 పేపర్లు దిద్దాలి. ఎవరిదో, ఏ ఊరిదో తెలియదు, ఉండేది కోడ్ నంబరు మాత్రమే. అయినా కొన్ని పేపర్లు చూడగానే నాకు తెలిసిపోతుంది. వాస్తవ సంఖ్యలు చక్కగా చేసి ఉంటారు. బహుపదులు, రేఖీయ సమీకరణాల జతలు కూడా పర్వాలేదు. వర్గ సమీకరణాల దగ్గర చేయి తడబడుతుంది. అక్కణ్ణించి త్రికోణమితి, సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత అన్నీ తెల్లకాగితాలే, లేదంటే ప్రశ్ననే మళ్ళీ రాసి పెట్టి ఉంటారు. చదువు రాని పిల్లవాడి పేపరు ఇలా ఉండదు. వాడికైతే మొదటి నుంచీ రాదు. ఈ పేపరు జూన్ నుంచి అక్టోబరు దాకా బడికి వచ్చి, తర్వాత రాని పిల్లవాడిది. పక్కన కూర్చున్న సారుకి ఒకటి చూపిస్తే, "మా దగ్గర కూడా ఇలాంటివి ఉంటాయండీ" అన్నారు.

బయటివాళ్ళకి తెలియని విషయం ఇదే. మా దగ్గర ఒక పాఠాన్ని ఏడాదిలో మూడుసార్లు చెబుతాం.

దానికి కారణం సుగ్గి. అది కన్నడ మాట, పంట కోతల కాలం అని అర్థం. మా మండలాలు కర్ణాటకని ఆనుకుని ఉంటాయి. క్లాసులో సగం మంది ఇంట్లో కన్నడే మాట్లాడతారు. "ఇంకో లెక్క చేద్దామా?" అంటే ముందు బెంచీ వాళ్ళ నోటి నుంచి "బేడ సార్" అనే వస్తుంది. వద్దు అని. కానీ సుగ్గి అన్నప్పుడు ఇక్కడ ఎవరికీ పండగ గుర్తు రాదు. సుగ్గికి పోవడమంటే వలస పోవడం. ఇక్కడివి నల్లరేగడి నేలలు, వాన పడితేనే పంట. తుంగభద్ర దిగువ కాలువ ఉన్నా అన్ని పొలాలకీ నీళ్ళు అందవు. పత్తే ముఖ్యమైన పంట, అది కూడా దసరా, దీపావళికి ఒక కొలిక్కి వస్తుంది. ఆ తర్వాత ఊళ్ళో పని ఉండదు. గుంటూరు, పల్నాడు వైపు పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి కుటుంబాలకి కుటుంబాలే బండ్లెక్కుతాయి. కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని ఉంటారు. తిరిగి వచ్చేది ఉగాదికి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం అక్షరాస్యత 67 శాతం ఉంటే కర్నూలు జిల్లాది 60 కూడా దాటలేదు. ఎందుకని నన్నడిగితే నవంబరు నెల హాజరు పట్టీ తెచ్చి చూపిస్తాను.

ఆ పట్టీ ఎలా ఉంటుందంటే, జూన్‌లో పేర్లన్నిటికీ ఎదురుగా నిండుగా టిక్కులుంటాయి. అక్టోబరులో పత్తి విడుపుల రోజుల్లో అక్కడక్కడ ఎర్ర ఇంకుతో ఆబ్సెంటు పడుతుంది. సొంత చేలో ఏరడానికి పోయి రెండ్రోజుల్లో వచ్చేస్తారు, దానికి భయం లేదు. దీపావళి దాటాక మాత్రం కొన్ని పేర్ల ఎదురుగా వరసగా ఎర్రటి గీత మొదలవుతుంది. వాళ్ళు వెళ్ళిపోయినట్టు. కిందటేడు మా తొమ్మిదో తరగతిలో 58 మంది ఉంటే, డిసెంబరు రెండో వారానికి 31 మంది మిగిలారు.

వెళ్ళేముందు పిల్లలు చెప్పి వెళ్తారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

"సార్, ఎల్లుండి పోతాం సార్."

"ఎక్కడికిరా?"

"గుంటూరుకి సార్, పత్తి ఏరేకి."

"పరీక్షలు?"

"వచ్చేస్తాం సార్ ఉగాదికి."

పరీక్షలు ఉగాదిని బట్టి జరగవని వాడికి ఎలా చెప్పాలో తెలియదు.

కొత్తలో ఇళ్ళకి వెళ్ళేవాణ్ణి. ఒక శనివారం సాయంత్రం నేనూ హిందీ మేడమూ కలిసి ఏడు ఇళ్ళకి వెళితే అయిదిటికి తాళాలు. ఆరో ఇంటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. పక్కన ఒక చెంబు, ఒక కర్ర. "తాళమేసుకోని పోయినారప్పా. పిల్లోన్ని కూడా తోల్కపోయిరి. చిన్నదాన్ని ఎత్తుకునేకి ఎవురో ఒకరు కావల్ల గదా" అంది. చిన్నదంటే వాడి చెల్లెలు, ఏడాదిన్నర పిల్ల. తల్లి పత్తి ఏరుతుంటే గట్టు మీద ఆ పిల్లని చూసుకునే పని మా ఎనిమిదో తరగతి పిల్లవాడిది. నాన్న ఒప్పుకున్నా వాడు ఇక్కడ ఆగే వీల్లేదు. అప్పటిదాకా నేను 'తల్లిదండ్రులకి చదువు విలువ తెలియదు' అని స్టాఫ్‌రూంలో తెగ మాట్లాడేవాణ్ణి. ఆ అరుగు దగ్గర్నుంచి వచ్చాక ఆ మాట మళ్ళీ అనలేదు.

వలస కుటుంబాల పిల్లల కోసం బడిలోనే సీజనల్ హాస్టల్ పెడతారు. మూడుపూటలా భోజనం, రాత్రి తరగతి గదిలోనే పడక. నడిచిన ఏడాది అది బాగానే పనిచేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఉత్తర్వు వచ్చి, వంటమనిషి కుదిరి, దుప్పట్లు చేరేసరికి సగం ఊరు బండెక్కేసి ఉంటుంది. పైగా ఎదిగిన ఆడపిల్లని రాత్రి బళ్ళో వదిలిపెట్టమంటే ఏ తల్లీ ఒప్పుకోదు. నా కూతురైతే నేనూ ఒప్పుకోనేమో.

అందుకని నాకు తోచిన పని ఒకటి చేశాను. పాఠాల వరస మార్చేశాను. పదో తరగతికి సాంఖ్యకశాస్త్రం పుస్తకంలో చివర్లో ఉంటుంది, నేను దాన్ని జులైలోనే చెప్పేస్తాను. దానికి ముందు పాఠాలతో పెద్దగా పని లేదు. సగటు, మధ్యగతం, బాహుళకం పట్టికలు వేయడం వస్తే చాలు, మార్కులు ఖాయం. సరూప త్రిభుజాలు రెండు క్లాసులు ముట్టుకుని ఆగస్టులో త్రికోణమితి చెబుతాను. దసరాకి ముందే అందరూ ఉన్నప్పుడు మార్కులొచ్చే పాఠాలు పూర్తి కావాలి. లెక్కల పేపరు 100 మార్కులకి, పాసవడానికి 35 కావాలి. ఆ 35 దసరాలోపే వాడి చేతిలో పెట్టి పంపాలన్నది నా తాపత్రయం. తనిఖీకి వచ్చిన ఒక అధికారి నా వార్షిక ప్రణాళిక తిరగేసి, "ఏమయ్యా, చివర్లో ఉండే పాఠం జులైలో చెప్పావేంటి, పుస్తకం వెనక నుంచి చదువుతావా?" అన్నారు. కారణం చెప్పాను. పెన్ను మూసి జేబులో పెట్టుకున్నారు గానీ ఏమీ రాయలేదు.

కాబట్టి మొదటిసారి పాఠం దసరాలోపు. రెండోసారి జనవరిలో, మిగిలిన పిల్లలకి రివిజన్‌గా. మూడోసారి, సుగ్గి నుంచి తిరిగి వచ్చినవాళ్ళకి. పదో తరగతి వాళ్ళయితే పబ్లిక్ పరీక్షలకి నాలుగు రోజుల ముందు దిగుతారు. చేతులు పత్తికాయ డొప్పలు గీరుకుని మొద్దుబారి ఉంటాయి. "పరీక్షలకైనా పంపండి" అని నెల రోజులపాటు వాళ్ళ నాన్నలకి ఫోన్లు చేయడం కూడా మా ఉద్యోగంలో భాగమే. ఒకసారి ఒకాయన ఫోనెత్తి, "మాట్లాడు సార్, పిల్ల ఈడనే ఉండాది" అని ఇచ్చేశాడు. ఆ పిల్ల ఫోన్లోనే వర్గ సమీకరణం సూత్రం అప్పజెప్పింది. వెనక ఎవరో నవ్వుతున్నారు.

ఇక అసలు చెప్పాలనుకున్నది.

రెండేళ్ళ కిందట సుగ్గికి పోయే తొమ్మిదో తరగతి పిల్లలకి తలా ఒక నోటుపుస్తకం ఇచ్చాను. ఎడమ పక్క నేను లెక్కలు రాసి పెట్టాను, కుడి పక్క వాళ్ళు చేయాలి. రోజుకి రెండు, అంతకన్నా ఎక్కువ కాదు. ఉగాది వెళ్ళాక అందరూ వచ్చారు. పుస్తకాలు అడిగితే కొన్ని పోయాయి, ఒకటి పొయ్యిలోకి పోయింది, ఒకటి మేస్త్రీ కొడుకు తీసుకున్నాడు. ఒక్కడు మాత్రం తెచ్చాడు. నేను రాసిన లెక్కల్లో ఒక్కటీ చేయలేదు. కానీ పుస్తకం వెనక నుంచి మొదలుపెట్టి తేదీ, దాని ఎదురుగా ఒక అంకె. 108, 113, 97, 121... మధ్యలో ఒక్క రోజు కూడా వదల్లేదు. మొత్తం 54 రోజులు. ఏంట్రా ఇది అంటే, "మేం ముగ్గురం ఏరిన పత్తి సార్. నానా, అమ్మా, నేనూ. కాటా కాడ సూసి రాసినా" అన్నాడు.

నాకు భలే ముచ్చటేసింది. మర్నాడు అవే అంకెలు బోర్డు మీద వేసి సగటు పాఠం మొదలుపెట్టాను. అది ఆ ఏడాదికి మూడోసారి. క్లాసంతా కూడింది, మొత్తం 5,942 కిలోలు. 54తో భాగిస్తే రోజుకి 110 కిలోల చిల్లర. అప్పుడు వాడే చేయి ఎత్తాడు. "సార్, మేస్త్రీ రాసిన దానికి కూడా సగటు తియ్యాల్నా?"

మేస్త్రీ డబ్బులిచ్చేటప్పుడు ఒక చీటీ కూడా ఇచ్చాడట. అది మడతలుపడి వాడి జేబులో ఉంది. అందులో మొత్తం 5,815. తేడా 127 కిలోలు. కిలోకి 12 రూపాయల లెక్కన 1,524 రూపాయలు. ఎక్కడ పోయిందా అని రోజులవారీగా చూస్తే తేలింది. 108ని 105 అని, 113ని 110 అని, 97ని 95 అని రాశారు. ప్రతిరోజూ కింది అయిదుకో పదికో దించేశారు. క్లాసులో గోల మొదలైంది. వెనక బెంచీ పిల్ల లేచి, "మాది కూడా అట్లనే సార్, అన్నీ సున్నాలూ అయిదులే" అంది. నేను అప్పటికి ఉత్సాహంలో ఉన్నాను. లెక్కలు ఎందుకు నేర్చుకోవాలో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరుకుతుందా అనుకున్నాను. ఇంటికెళ్ళి మీ నాన్నకి చూపించరా అని కూడా చెప్పాను.

మర్నాడు వాళ్ళ నాన్న బడికి వచ్చాడు. కోపంగా లేడు. వరండాలో చెప్పులు విప్పి లోపలికొచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, లెక్క మీరు సరిగ్గానే చేసినారు. అది మాకూ తెల్సు. ఏండ్ల నుంచి తెల్సు. ఆ చీటీ పట్టుకోని మేస్త్రీ తావకి పోతే మళ్ళీ ఏడాది బండి ఎక్కిచ్చుకోడు. అప్పుడు అడ్వాన్సు ఎవురిస్తారు?" కాసేపాగి, "అయినా మేస్త్రీదేముంది సార్. తూకం కాడ రాసేది ఆసామి. మీ పక్కోళ్ళే" అన్నాడు.

తప్పుపట్టినట్టు కూడా అనలేదు. నేను గుంటూరు వైపు వాణ్ణని ఊళ్ళో అందరికీ తెలుసు, అందుకని మాటవరసకి అన్నాడంతే. పిల్లాడికి ఆ సంగతి ఇంకెక్కడా మాట్లాడొద్దని చెప్పమని అడిగి వెళ్ళిపోయాడు. చెప్పాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా నాన్నకి అప్పట్లో నాలుగెకరాల పత్తి. కర్నూలు నుంచి కూలీలు వచ్చేవాళ్ళు. మా చేను గట్టు మీద తాటాకులతో గుడిసెలు వేసుకుని ఉండేవాళ్ళు. సాయంత్రం కాటా వేసే వేళకి నేను బడి నుంచి వచ్చేసి చేలో ఉండేవాణ్ణి. మా నాన్నకి చూపు సరిగా ఆనదు, అందుకని పుస్తకం రాసేది నేను. కాటా ముల్లు 43 దగ్గర ఆగితే నాన్న "చిల్లర వదిలెయ్యి" అనేవాడు. నేను 40 రాసేవాణ్ణి. తడి పత్తి, చెత్త, తరుగు అని ఏవో కారణాలు చెప్పుకునేవాళ్ళం. ఎదురుగా నా ఈడు పిల్లవాడు ఒకడు చెల్లెలిని చంకనేసుకుని నిలబడి నా పెన్ను వైపే చూసేవాడు. నేనప్పుడు పదో తరగతి. వాడు ఏ క్లాసు అని నేనెప్పుడూ అడగలేదు. నాన్నా అడగలేదు. లెక్కల్లో నాకు బడి మొత్తం మీద మొదటి మార్కు వచ్చేది.

మీ ప్రశ్నకి ఇది సూటిగా జవాబు కాదని తెలుసు. రోజు ఎలా గడుస్తుందంటే ఇలాంటివాటి మధ్యే గడుస్తుంది. గుడ్ల లెక్క రాస్తూ, ఫోనెత్తని నంబర్లకి మళ్ళీ మళ్ళీ చేస్తూ, సగటు పాఠం మూడోసారి మొదటిసారి చెప్పినట్టే చెబుతూ. అలా చెప్పడం మాత్రం అంత తేలిక కాదు, నోరు దానంతటదే తొందరపడుతుంది. బీఈడీలో మైక్రో టీచింగ్ అంటూ ప్రశ్నలడగడం, బోర్డు వాడటం నేర్పుతారు. మూడోసారి విసుగు కనపడకుండా చెప్పడం ఎవరూ నేర్పరు. మీరు టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్ళినప్పుడు వీలైతే జూన్, జులైల్లో కాకుండా డిసెంబరులో ఏదైనా పల్లెటూరి బడికి వెళ్ళండి. హాజరు పట్టీ అడిగి ఒకసారి చూడండి.

నోటుపుస్తకాలు ఇప్పటికీ ఇస్తున్నాను. ఎడమ పక్క లెక్కలు రాయడం మానేశాను. ఖాళీ పుస్తకాలే ఇచ్చి, రోజూ ఏదో ఒక అంకె రాసుకోండి, ఏదైనా సరే అంటాను. ఏం రాయాలో వాళ్ళకి తెలుసు. తెచ్చాక క్లాసులో మేస్త్రీ చీటీ ప్రస్తావన తేను. సగటు తీసి అక్కడితో ఆపేస్తాను. ఇది సరైన పనేనా అని మా హిందీ మేడంతో ఒకసారి వాదన కూడా అయింది. "పిల్లలకి తెలిసిపోయింది కదా, ఇక మీరు దాచేదేముంది?" అన్నారావిడ. నా దగ్గర జవాబు లేదు.

మా పొలం ఇప్పుడు తమ్ముడు చేస్తున్నాడు. పోయిన సంక్రాంతికి ఇంటికెళ్తే సాయంత్రం చేలోకి తీసుకెళ్ళాడు. కొత్తగా ఎలక్ట్రానిక్ కాటా కొన్నాడు, అది చూపించాలని. పత్తి బస్తా పెట్టగానే ఎర్రటి అంకెలు వెలిగాయి, 112.4. వాడు పుస్తకంలో 110 అని రాశాడు. నేను వాడి వైపు చూశాను. "ఏంటన్నయ్యా, చిల్లరే కదా" అని నవ్వాడు. కాటా పక్కన నిలబడ్డ ఆవిడ చీర కొంగుకి కట్టుకున్న చిన్న పెన్సిలు ముక్క తీసి, అరచేతిలో ఏదో రాసుకుంది.